కాలు జాగ్రత్త

మార్చి 2, ఆదివారం

సెమీఫైనల్ గెలిచాం. గెలిచాం అని రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఆట జరిగినంతసేపూ నేను బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవస్తుండగా మాస్టారు వెనక్కి తిరక్కుండానే "గొళ్ళెం, గ్లవ్స్ వేసుకో" అన్నారు. జట్టులో నన్ను పిలిచే పేరు అదే. ముప్పై నాలుగేళ్ళ మోకాళ్ళతో మ్యాచ్ మొత్తం గోల్లో నిలబడలేనని ఆయన పోయిన ఏడాదే తేల్చేశారు. దానికి మా పొడుగుపిల్ల ఉంది. నన్ను ఉంచుకున్నది పెనాల్టీల కోసమే. ఆ పెనాల్టీలు కూడా ఆపలేకపోతే వాటర్‌వర్క్స్ జట్టులో నాకు మిగిలేది నీళ్ళ సీసాలు మోసే పనే.

ఒకటి ఆపాను. ఒకటి గోలు బారు పైనుంచి రోడ్డు మీదికి పోయింది. అది కూడా నా ఖాతాలోదే. బ్యాంకు జట్టు క్యాషియరమ్మ బంతి కోసం వస్తుంటే నేనే తీసుకెళ్ళి చేతికిచ్చి, "ఇంట్లో గ్యాస్ కట్టేసే వచ్చావా అక్కా?" అని అడిగాను. పాపం, ఆవిడ నిజంగానే ఆలోచనలో పడింది.

నేను ఎవరినీ తిట్టను. తిడితే రోషం వస్తుంది, రోషం వస్తే బాగా కొడతారు. నేను ప్రేమగా మాట్లాడతాను. బంతి నా చేతుల్లోంచి తీసుకోవాలి, నా మొహం చూడాలి, నేనన్న మాట మోసుకుంటూ వెనక్కి నడవాలి. సగం పని అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత గోల్లోకి వెళ్ళి గ్లవ్ పట్టీ విప్పి మళ్ళీ బిగిస్తాను, బారు మీద చేత్తో ఒకటి చరుస్తాను, ఒక పక్కకి కొద్దిగా జరిగి నిలబడతాను. రిఫరీ ఈల ఊదేసరికి ఎదుటిమనిషి విసిగిపోయి ఉంటుంది.

ఫైనల్ పోస్టాఫీసు జట్టుతో. అంటే మా ఆడపడుచు పిచ్చుకతో.

ఈ సంగతి ఇంట్లో చెబితే ఈయన మంచినీళ్ళు తాగుతూ పొలమారి దగ్గారు. కట్టుకున్నది ఒక గోల్లో, తోడబుట్టింది ఎదురుగా బంతి ముందు. "నేను ఆ రోజు ప్రెస్సులో ఓవర్‌టైమ్ చేసుకుంటాను, నన్నొదిలెయ్యండి" అన్నారు. అత్తయ్య మాత్రం, "కప్పు ఎవరు తెచ్చినా మనింటికేగా, తోమేది ఎటూ నేనే" అంది. పిచ్చుక గడపలో నిలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఒకటే ఇల్లు, ఒకటే బాత్రూము, మధ్యలో ఒక గోడ.

మార్చి 4, మంగళవారం

పిచ్చుక కుంటుతోంది.

పొద్దున టీకి వచ్చినప్పుడు చూశాను. ఎడమ కాలు. ఏమైందే అంటే, "ఏం లేదు వదినా, ఆఫీసులో పార్సిల్ తగిలింది" అంది, నేల చూపులు చూస్తూ. నేను గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాను.

ఎన్నేళ్ళు నేర్పాను దీనికి. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు స్కూలు యూనిఫామ్‌లో ఉండేది. వెనక గోడకేసి బంతి కొడుతూ పక్కింటివాళ్ళతో రోజూ తిట్లు తినేది. నేనే గోడ ముందు నిలబడ్డాను, రా కొట్టు అన్నాను. కాలు ఎలా పెట్టాలో, బంతిని ఎక్కడ తన్నాలో అన్నీ వచ్చాయి గానీ ఒక్కటి మాత్రం రాలేదు. మోసం రాలేదు. ఎటు కొట్టబోతోందో అటే చూస్తుంది. చిన్న అబద్ధం చెప్పాలన్నా చెవులు ఎర్రబడతాయి. "కుంటు, అటు చూడు, కళ్ళు మూసుకో, ఏదో ఒకటి చెయ్యి, నేను నమ్మాలి" అని ఎంత అరిచినా దాని వల్ల కాలేదు. పోయిన ఏడాది వాళ్ళ సెమీఫైనల్లో చివరి పెనాల్టీ అందుకే పోగొట్టింది. వారం రోజులు నా గదిలోనే పడుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఫైనల్ ముందు, అదీ నా కళ్ళముందు, కుంటడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళకి నేర్చుకుంది దొంగ పిల్ల.

లెక్క కూడా సరిగ్గానే వేసింది. అది కుడి కాలితో కొడుతుంది. కొట్టేటప్పుడు ఒంటి బరువంతా ఎడమ కాలి మీద పడాలి. ఆ కాలు నొప్పైతే గట్టిగా కొట్టలేదు, మెల్లగా ఏదో ఒక మూలకి తోస్తుంది. నేను అది నమ్మి ముందే మూలకి దూకుతాను. అప్పుడు తను మధ్యలోకి బాదుతుంది. నేను దూకను. మధ్యలోనే నిలబడతాను.

మార్చి 5, బుధవారం

ఇవాళ కూడా కుంటింది. బాగా చేస్తోంది.

మార్చి 6, గురువారం

చిన్న పరీక్ష పెట్టాను. టీ పొడి డబ్బా తీసి పై అరలో పెట్టాను. పిచ్చుక వంటింట్లోకి వచ్చి కింద అంతా వెతికి, పైన చూసి, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గట్టు పట్టుకుని కుడి కాలి మీదే పైకి లేచింది. ఎడమ కాలు నేలకి తగలనివ్వలేదు. డబ్బా అందుకునేసరికి పై పెదవి మీద చెమట పట్టింది.

ఒక్కసారైనా మర్చిపోతుందేమోనని చూశాను. మర్చిపోలేదు. నేనైనా అంత పట్టుగా చెయ్యలేను.

ఈయన భోజనం దగ్గర అడిగారు. "దాని కాలికేమన్నా అయిందా? అలా నడుస్తోందేంటి?"

"నాటకం" అన్నాను. "నేను నేర్పిన నాటకమే. నన్ను బోల్తా కొట్టించాలని."

"చూస్తే నాటకంలా లేదే."

"నాటకంలా ఉంటే అది నాటకమెందుకవుతుంది? మీరు ప్రెస్సులో అక్షరాలు చూసుకోండి, కాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఆయన మళ్ళీ కంచంలోకి వంగారు. నేను చెబితే ఆయన నమ్ముతారు. ఆట సంగతుల్లో ఎప్పుడూ నమ్ముతారు.

మార్చి 8, శనివారం

ప్రాక్టీసు. మాస్టారు అందరినీ పంపేసి నన్ను పట్టుకున్నారు. "ఇంట్లోనే ఉంటుంది కదా, చెప్పు. ఎటు కొడుతుంది?" ఇంటి సంగతులు గ్రౌండ్‌లోకి తీసుకురానని చెప్పాను. ఆయన మొహం చూస్తే జాలేసి, తర్వాత చెప్పాను. కాలు నొప్పి నటిస్తోందని, మధ్యలోకి బాదుతుందని.

"ఒకవేళ నిజంగా నొప్పైతే?"

"మాస్టారూ, దాన్ని పెంచింది నేను."

ఆయన తల గోక్కుని, పెద్ద జట్టుకి ఆడపిల్లల్ని ఏరుకోవడానికి ఒకాయన ఫైనల్ చూడటానికి వస్తున్నాడని, పిచ్చుక పేరు ఆయన చీటీలో ఉందని అన్నారు. ఆ సంగతి నాకు పిచ్చుక చెప్పలేదు. ఇంతకుముందు చీమ కుట్టినా నాకు చెప్పేది. చూశారా, దాచడం కూడా నేర్చింది.

చూశారా అని ఎవర్ని అడుగుతున్నానో.

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం అత్తయ్య గుడ్డలు ఆరేస్తోంది. నేను గదిలో ఉన్నాను, తలుపు ఓరగా వేసి ఉంది. పిచ్చుక వసారాలోంచి నడిచి వెళ్తోంది. గోడ మీద చెయ్యి పెట్టి ఒక అడుగు వేసి ఆగింది. ఇంకో అడుగు వేసి ఆగింది. నుదురు గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. చప్పుడు చెయ్యలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని మామూలుగా వెళ్ళిపోయింది.

నేను గదిలో ఉన్నానని దానికి తెలుసు. తెలిసే ఉంటుంది. తలుపు సందులోంచి నా చీర కనబడుతూనే ఉంటుంది.

కనబడదు. ఇప్పుడే వసారాలోకి వెళ్ళి నిలబడి చూశాను. మంచం ఆ మూల ఉంది, అక్కడి నుంచి ఏమీ కనబడదు. అయినా ఫ్యాను తిరుగుతోంది కదా. ఫ్యాను చప్పుడు వినబడుతుంది.

మార్చి 10, సోమవారం

తిండి సహించడం లేదు. ఫైనల్ ముందు ఎప్పుడూ ఇంతే.

మార్చి 12, బుధవారం

సాయంత్రం పిచ్చుక పంపుహౌస్‌కి వచ్చింది. నా డ్యూటీలో ఎప్పుడూ రాదు. మోటార్ల మోతకి దానికి తలనొప్పి. మెట్లు దిగి లోపలికి రాకుండా పైనే రెయిలింగ్ పట్టుకుని నిలబడి చెయ్యి ఊపింది. నేను మీటరు చూసి, లాగ్ రాసి, పైకి వెళ్ళాను.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి."

అబద్ధం ఎందుకు, భయమేసింది. ఎందుకు భయమేసిందో నాకు తెలియదు. ఎదురుగా నిలబడింది పిచ్చుక, బంతి కూడా లేదు.

"ఫైనల్ అయ్యాక చెప్పు" అన్నాను.

"అది కాదు వదినా. ఇప్పుడే..."

"ఇప్పుడు నువ్వేం చెప్పినా నేను గోల్‌కీపర్‌గానే వింటాను. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. ఆదివారం అయిపోనీ. ఆ తర్వాత రోజంతా కూర్చుని చెప్పు."

అది నా మొహంలోకి చూసింది. "సరే" అంది. నేనే నేర్పాను దానికి, ఆటకి ముందు ఎదుటివాళ్ళ మాట వినకూడదని. తిరిగి వెళ్తుంటే వెనకనుంచి చూశాను. నేను చూస్తున్నానని తెలిసి కాబోలు, కుంటకుండా నడవాలని ప్రయత్నం చేసింది.

ఇది రాశాక మళ్ళీ చదువుకున్నాను. నటించేవాళ్ళు చూస్తున్నప్పుడు కుంటాలి. చూడనప్పుడు మామూలుగా నడవాలి. ఇది తిరగేసి చేస్తోంది. నేను ఆ సంగతి కనిపెడతానని, కనిపెట్టి నిజంగా నొప్పే అనుకుంటానని, రెండాకులు ఎక్కువే చదివి చేస్తోంది.

అంతే అయి ఉంటుంది.

మార్చి 14, శుక్రవారం

దానికి ఏం చెప్పాలో తేలలేదు. మిగతా నలుగురికీ మాటలు సిద్ధంగా ఉన్నాయి. సార్టింగ్ సెక్షన్ అమ్మాయికి ఈ మధ్యే నిశ్చితార్థం అయింది, "అబ్బాయి వచ్చాడా?" అంటే చాలు. స్టాంపుల కౌంటరావిడకి బూటు లేసు వైపు చూస్తే చాలు, కిందికి వంగుతుంది.

పిచ్చుకకి ఏం చెప్పను? ఏం చెప్పినా అది నవ్వుతుంది. నా మాటలన్నీ దానికి తెలుసు.

పంపుహౌస్‌లో మోటార్ల ముందు నిలబడి గట్టిగా అని చూశాను. "నాటకం చాలు" అన్నాను. బాగోలేదు, రోషం తెప్పిస్తుంది. "నాకంతా తెలుసు" అన్నాను. అది కూడా బాగోలేదు. చివరికి తట్టింది. "కాలు జాగ్రత్త." మెల్లగా, ప్రేమగా, చెయ్యి మీద చెయ్యి వేసి. నేను నమ్మేశానని అనుకుంటుంది. మధ్యలోకి ధైర్యంగా బాదుతుంది. నేను అక్కడే ఉంటాను.

దానికన్నా మంచి మాట లేదు. చాలాసార్లు అని చూశాను. ఒకసారి మీటరు చూడటం మర్చిపోయాను.

మార్చి 15, శనివారం

అత్తయ్య ఇద్దరికీ చెరో రెండు గుడ్లు పెట్టింది, కొలిచినట్టు. పిచ్చుక తన కాలు పక్క కుర్చీలో ఉన్న దిండు మీద పెట్టుకుని తింది. పాదం పైన వాచినట్టు కనిపించింది. మేజోడు మడత అయి ఉంటుంది. రేపు ఈపాటికి అంతా అయిపోతుంది.

మార్చి 16, ఆదివారం

గెలిచాం. పిచ్చుక ఆసుపత్రిలో ఉంది.

మార్చి 17, సోమవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ కూడా ఏం రాయాలో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పిచ్చుక మ్యాచ్ అంతా ఉంది గానీ ఆడలేదు. ముందర ఒక మూల నిలబడింది. బంతి దగ్గరికొస్తే ఒక తన్ను తన్ని మళ్ళీ నిలబడింది. వాళ్ళ కోచ్ లైను బయట నుంచి గొంతు చించుకుంటున్నాడు. పెనాల్టీల కోసం ఓపిక దాచుకుంటోందని పొడుగుపిల్ల స్థానంలో గోల్లోకి వెళ్ళబోతూ నేను మాస్టారితో అన్నాను.

ఎవరూ గోల్ కొట్టలేదు. పెనాల్టీలు. వాళ్ళ మొదటి అమ్మాయికి బంతి తీసుకెళ్ళి ఇచ్చేసరికి రిఫరీ వచ్చి, "అమ్మా, మీ పని గోల్లో. ఇంకోసారి అక్కడి నుంచి కదిలితే కార్డు" అన్నాడు. నేను చేతులు జోడించి తల ఊపాను. సార్టింగ్ సెక్షన్ అమ్మాయి స్తంభానికి కొట్టింది. నేను గోల్లోంచే అరిచి అడిగాను, అబ్బాయి వచ్చాడా అని. ప్రతి వంతులోనూ ముందు కొట్టేది వాళ్ళే. అప్పటికి మావాళ్ళు నలుగురూ సరిగ్గా కొట్టారు. వాళ్ళ ఐదో వంతు వచ్చింది. ఆపితే కప్పు మాది.

పిచ్చుక మధ్య గీత దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చింది. కుంటుతూ వచ్చింది. గ్రౌండ్ అంతా చూస్తోంది, ఆ పెద్ద జట్టాయన కూడా చూస్తున్నాడు. నేను బంతి తీసుకుని ఎదురెళ్ళాను. రిఫరీ ఈల ఊదుతున్నాడు, జేబులోంచి కార్డు తీస్తున్నాడు. తీస్తే తీశాడు. బంతి దాని చేతిలో పెట్టి, చెయ్యి మీద చెయ్యి వేసి, "కాలు జాగ్రత్త" అన్నాను. పంపుహౌస్‌లో అన్నదానికన్నా బాగా వచ్చింది.

పిచ్చుక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల ఊపింది. నేను పసుపు కార్డు తిని గోల్లోకి వెళ్ళిపోయాను. కళ్ళనీళ్ళు కూడా తెప్పించగలుగుతోందే అనుకున్నాను. అది నిజం. అదే అనుకున్నాను.

పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎడమ కాలు బంతి పక్కన పెట్టింది. నేను కదల్లేదు, మధ్యలోనే ఉన్నాను. అది పడిపోయింది. బంతి కాలి చివర తగిలి దొర్లుకుంటూ నా దగ్గరికి వచ్చింది. వంగి తీసుకున్నాను.

చప్పుడు వినబడిందని అందరూ అంటున్నారు. నాకేమీ వినబడలేదు.

మావాళ్ళు అరుచుకుంటూ నా మీదికి వస్తున్నారు. పిచ్చుక లేవలేదు. రెండు చేతులతో కాలు పట్టుకుని మట్టిలో ఉంది. మళ్ళీ కొట్టనివ్వమని రిఫరీని అడగడానికి పడిపోయినట్టు చేస్తోందనుకున్నాను. బంతి చంకలో పెట్టుకుని దాని దగ్గరికి వెళ్ళి, "లేవే, అయిపోయింది, ఇంక చాలు" అన్నాను.

అప్పుడు కాలు చూశాను. మోకాలి కింద వంగకూడని చోట వంగి ఉంది.

మార్చి 18, మంగళవారం

చప్పుడు విన్నాను. బంతి పట్టుకోవడానికి ముందే విన్నాను.

మార్చి 19, బుధవారం

ఆపరేషన్ అయింది. లోపల రేకు వేశారు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు. నాకు ఎముక తెల్లగా, గీత నల్లగా కనిపించాయి, అంతే.

"విరిగింది ఆదివారమే. కానీ పగులు పాతది. వారాల కిందటిది. దాని మీదే పరిగెత్తింది, దాని మీదే నిలబడింది. ఈ పిల్ల చాలా నొప్పి పడి ఉంటుంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఆడుతుందా అని ఈయన అడిగారు. "ముందు నడవనివ్వండి" అన్నారు డాక్టరు.

ఆయన బయటికి వెళ్ళగానే ఈయన నా వైపు తిరిగారు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మొహం నేను చూడలేదు. "నేను అడిగాను నిన్ను. అడిగానా లేదా? కాలికేమన్నా అయిందా అని అడిగితే నాటకం అన్నావు. నువ్వు అన్నావని ఊరుకున్నాను. నా చెల్లెలు నా ఇంట్లో విరిగిన కాలితో తిరుగుతుంటే నేను ఊరుకున్నాను."

నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

పిచ్చుక మంచం మీద నుంచి అంది, "అన్నయ్యా, వదినకి తెలుసు. నేనే చెప్పొద్దన్నాను."

అందరం అటు తిరిగాం.

"ఎవరికైనా తెలిస్తే ఫైనల్ ఆడనివ్వరని, ఆ పెద్ద జట్టాయన వస్తున్నాడని, చెప్పొద్దని వదిన చేత ఒట్టేయించుకున్నాను. అందుకే నీకు నాటకమని చెప్పింది. తిట్టాలంటే నన్ను తిట్టు."

దాని చెవులు ఎర్రబడలేదు. గొంతు తడబడలేదు. ఎక్కడో గోడ వైపు కాకుండా సూటిగా వాళ్ళన్నయ్య కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది. ఒక్క అక్షరం నిజం లేదు.

ఈయన కుర్చీలో కూలబడ్డారు. "మీరిద్దరూ కలిసి..." అని ఆగిపోయారు. కోపం సగానికి దిగిపోయింది. అత్తయ్య లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "దాని కోసం ఇంత మోశావా తల్లీ, ఒక్క మాటైనా నాతో అనకపోయావు" అంది.

నేను ఆ చెయ్యి తీసెయ్యలేదు. కాదు, అలా కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. తల వంచుకున్నాను. వాళ్ళకది ఒప్పుకున్నట్టే కనిపించింది.

మార్చి 20, గురువారం

మాస్టారు ఫోను చేశారు. వచ్చే ఏడాది కూడా నన్ను ఉంచుతున్నారట. కప్పు అత్తయ్య తోమి టీవీ పక్కన పెట్టింది. ఆ గదిలోకి వెళ్ళడం లేదు నేను.

మార్చి 22, శనివారం

ఆసుపత్రిలో రోజంతా ఉన్నాను. పిచ్చుక నాతో మామూలుగానే మాట్లాడింది. పక్క మంచం ఆవిడ గురక గురించి మాట్లాడింది, పోస్టాఫీసు వాళ్ళు తెచ్చిన పళ్ళ గురించి మాట్లాడింది. చెప్పాలన్న మాట ఏమిటని నేను అడగలేదు. అది చెప్పలేదు.

మార్చి 24, సోమవారం

పిచ్చుకని ఇంటికి తెచ్చాం. ఈయన ఎత్తుకుని లోపలికి తీసుకొచ్చారు. మధ్యాహ్నం ఆయన ప్రెస్సుకి, అత్తయ్య మందుల షాపుకి వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే. దాని జుట్టు వారం నుంచి చిక్కులు పడిపోయి ఉంది. మంచం మీద వెనక కూర్చుని దువ్వుతున్నాను. మొహం కనబడకపోతే అడగడం తేలికనిపించింది.

"అన్నయ్యకి అలా ఎందుకు చెప్పావే?"

"మరేం చెయ్యను? నువ్వు అక్కడ కొయ్యబొమ్మలా నిలబడ్డావు. నా వల్ల మీ ఇద్దరికీ గొడవ ఎందుకు?"

"నాకు తెలియదు కదా. నేను అనుకున్నది..."

"నువ్వేమనుకున్నావో తెలుసు వదినా" అంది. "కింద పడ్డాక లేవమన్నావు కదా. వినబడింది."

దువ్వెన ఆగిపోయింది. మళ్ళీ దువ్వాను. ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

"పోనీలే. దాని సంగతి వదిలెయ్" అంది. "ఒక్కటి మాత్రం అడుగుతాను. బంతి ఇచ్చేటప్పుడు కాలు జాగ్రత్త అన్నావు. కార్డు ఇస్తాడని తెలిసి కూడా వచ్చి మరీ చెప్పావు. అది నిజంగా అన్నావా, ఆటలో అన్నావా?"

ఆ ఒక్కటి దానికి మిగిలింది. మిగతాదంతా నేను లేవమన్నప్పుడే పోయింది. ఇలాంటప్పుడు ఆలస్యం చేస్తే దొరికిపోతామని ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు.

"నిజంగానే అన్నానే" అన్నాను.

అది మెడ తిప్పి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. రెప్ప వెయ్యలేదు. కొంచెం నవ్వాను కూడా.

"అదే అనుకున్నాను" అని మళ్ళీ అటు తిరిగింది.

నమ్మింది. నమ్మకపోతే ఇంకేదో అడిగేది. నేను మూడు పాయలు తీసి జడ అల్లడం మొదలుపెట్టాను. అల్లుతున్నంతసేపూ దాని భుజాలు కదులుతూనే ఉన్నాయి. కాలు నొప్పి అయి ఉంటుంది.